చిన్న ట్రాక్టర్‌కు ఇంటి దగ్గరే పవర్ స్టీరింగ్ బిగించుకోవడం ఎలా

లోడర్ బకెట్ నిండా మట్టి ఎత్తుకుని, నిలబడ్డ చోటే ముందు చక్రాలు తిప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది, చిన్న ట్రాక్టర్ స్టీరింగ్ ఎంత మొండికేస్తుందో. భుజాలు పట్టేస్తాయి. పవర్ స్టీరింగ్ లేకుండా వచ్చిన పాత ట్రాక్టర్‌కు దాన్ని తర్వాత బిగించుకోవచ్చు. డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, మంచి స్పానర్ల సెట్టు ఉండి, వెల్డింగ్ బాగా తెలిసినవాళ్లు తోడుంటే షెడ్డులోనే అయ్యే పని. కాకపోతే పంపు, పైపుల కన్నా ముందు టేపు, కాగితం, పెన్సిల్ పట్టుకోవాలి. మీ టై రాడ్, అంటే రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ, ఎంత సన్నదో ఆయిల్ ప్రెషర్‌కు తెలియదు. చెయ్యి అయితే బరువు తగలగానే ఆగుతుంది, ఆయిల్‌తో చక్రాలను తోసే సిలిండర్ ఆగదు. విరిగేదాకా తోస్తుంది. అందుకే కింద చెప్పే లెక్కలు దాటేసి నేరుగా సామాను కొనకండి.

ముందు రాపిడి సంగతి చూడండి

బండిని గట్టి, చదునైన నేల మీద నిలబెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. ముందు ఇరుసు కింద జాకీ వేసి రెండు చక్రాలూ లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకూడదు. ఇప్పుడు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. నేల తగలడం లేదు కాబట్టి తేలిగ్గా తిరగాలి. గాల్లో ఉన్నా బరువుగానే ఉందంటే, మీ సమస్య బండి బరువు కాదు, ఎక్కడో రాపిడి.

ఎక్కడో తేల్చుకోవడం సులువే. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్‌ను ఒక చివర విప్పండి. చక్రాలను చేత్తో పట్టి ఊపండి. చక్రాలు హాయిగా తిరుగుతూ, స్టీరింగ్ మాత్రం బిగుతుగా ఉంటే బాక్స్‌లో ఆయిల్ లేదు, లేదా బేరింగ్ పోయింది. చక్రాలే కదలనంటే కింగ్ పిన్‌లు, అంటే ముందు చక్రాలు పక్కకు తిరిగే నిలువు పిన్నులు, పట్టేశాయి. కింగ్ పిన్‌లకు గ్రీజు ఎక్కించేటప్పుడు కూడా చక్రాలు గాల్లోనే ఉండాలి. నేల మీద ఉండగా గన్ కొడితే, బండి బరువు నొక్కి పట్టి ఉన్న త్రస్ట్ బేరింగ్ సందులోకి గ్రీజు పోదు, పక్కనుంచి బయటికి కారుతుంది. గ్రీజు గన్ రోజూ వాడే వాళ్లలో కూడా చాలామంది ఇది పట్టించుకోరు.

ఇదే అదనులో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదపండి. ఆట కనిపిస్తే కింగ్ పిన్ బుష్‌లో అయినా, వీల్ బేరింగ్‌లో అయినా అరుగుదల ఉన్నట్టు. ఎడమా కుడీ పట్టి కుదిపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్‌లు చూడండి. అరిగినవన్నీ ఇప్పుడే మార్చేయండి. పవర్ స్టీరింగ్ వచ్చాక ఆ ఆట మీ చేతికి తెలియదు, లోపల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. టైర్లలో గాలి, ముందు చక్రాల టో-ఇన్ (ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) మాన్యువల్‌లో చెప్పినట్టు ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఇవన్నీ అయ్యాక ఒకసారి నడిపి చూడండి. కొందరికి ఇక్కడితోనే పని అయిపోతుంది, ఖర్చు గ్రీజు డబ్బాతో పోతుంది.

ఏ పద్ధతి మంచిది

మీ మోడల్‌కు కంపెనీ కిట్ దొరికితే ఇక ఆలోచించకండి, అదే తీసుకోండి. బ్రాకెట్లు, ఆర్మ్‌లు అన్నీ కొలతకు సరిపడా వస్తాయి.

దొరకకపోతే రెండు దారులు. ఒకటి, కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ కాలమ్. మోటారు కాలమ్ మీదే ఉంటుంది. పాత స్టీరింగ్ బాక్స్, లింకులు అలాగే ఉంటాయి, కరెంటు పోయినా మామూలు స్టీరింగ్ మిగులుతుంది. ఇది పెద్ద సుగుణం. కానీ గట్టిగా తిప్పినప్పుడు 12 వోల్టుల మీద 40 నుంచి 60 ఆంపియర్ల దాకా లాగగలదు, చిన్న డైనమో దానికి చాలదు. కొన్ని కాలమ్‌లు కారు కంప్యూటర్ నుంచి సిగ్నల్ రాకపోతే అసలు పనిచేయవు, కొన్ని ఒక స్థిరమైన సాయంతో నడుస్తాయి. అదీగాక అవి కారు లోపల పొడిగా ఉండేందుకు చేసినవి, ట్రాక్టర్ మీద దుమ్మూ వానా తప్పవు. లోడర్ లేని, ముందు బరువు తక్కువున్న బండికైతే సరే. లోడర్ ఉంటే నేను దీని జోలికి వెళ్లను.

రెండోది హైడ్రాలిక్. స్టీరింగ్ కాలమ్ కింద ఒక రోటరీ వాల్వ్ వస్తుంది, మెకానిక్కులు ఆర్బిట్రాల్ అంటారు. స్టీరింగ్ చక్రం ఎంత తిప్పితే అంత ఆయిల్ కొలిచి సిలిండర్‌కు పంపుతుంది. స్టీరింగ్ బాక్స్, డ్రాగ్ లింక్ రెండూ పోతాయి. చేతికీ చక్రాలకూ మధ్య ఇనుప లంకె ఉండదు, ఆయిలే లంకె. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా ట్రాక్టర్లలో ఉన్నదీ ఇదే. అయినా మీరు సొంతంగా మారుస్తున్నారు కాబట్టి, బండి రోడ్డెక్కేదైతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడగండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ పద్ధతి గురించే.

లెక్క

మూడు సంగతులు కావాలి: ముందు ఇరుసు మీద బరువు, సిలిండర్ తోసే ఆర్మ్ (చక్రాన్ని పక్కకు తిప్పే ఇనుప చెయ్యి) పొడవు, చక్రం తిరిగే కోణం. బరువు కోసం బకెట్ నింపి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలబెట్టి తూయించండి.

నిలబడ్డ చోట చక్రాలు తిప్పడానికి కావలసిన బలానికి ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది. టైరు వెడల్పును వర్గం చేసి 8తో భాగించండి. కింగ్ పిన్ గీతను నేల దాకా పొడిగిస్తే తగిలే చోటు నుంచి టైరు మధ్యకు ఉన్న దూరాన్నీ వర్గం చేసి దానికి కలపండి. మొత్తానికి వర్గమూలం తీసి, ముందు బరువుతోనూ, 0.7తోనూ గుణించండి. ఆ 0.7 పొడి కాంక్రీటు మీద రబ్బరు పట్టు.

ఒక ఉదాహరణ. బరువు 500 కిలోలు, టైరు వెడల్పు 15 సెం.మీ., ఆ దూరం 10 సెం.మీ. అనుకుందాం. వర్గమూలం 11.3 సెం.మీ. వస్తుంది. 0.7 × 500 × 11.3 అంటే దాదాపు 3,950 కిలో-సెంటీమీటర్లు. ఆర్మ్ 14 సెం.మీ. ఉండి చక్రం అటు 40, ఇటు 40 డిగ్రీలు తిరుగుతుంటే, పూర్తిగా తిప్పిన చోట ఆర్మ్ పనికొచ్చే పొడవు 10.7 సెం.మీ.కు తగ్గిపోతుంది. అంటే సిలిండర్ 370 కిలోల బలంతో తోయాలి.

40 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 20 మి.మీ. రాడ్ ఉన్న సిలిండర్ తీసుకుంటే, రాడ్ ఉన్న వైపు వైశాల్యం 9.4 చదరపు సెం.మీ. బలహీనమైన వైపు అదే కాబట్టి లెక్క దాంతోనే వేయాలి. 370ని 9.4తో భాగిస్తే 39, అంటే సుమారు 40 బార్ ప్రెషర్. ఒకటిన్నర రెట్లు చూసుకుంటే 60 బార్. చూశారుగా, పెద్ద ప్రెషర్ ఏమీ అక్కర్లేదు. 150 బార్ వచ్చే పంపు ఉంది కదా అని అంతా వదిలితే ఇదే సిలిండర్ బలహీనమైన వైపే 1,400 కిలోల బలం చూపిస్తుంది. దానికి మీ స్టీరింగ్ ఆర్మ్ నిలుస్తుందా?

స్ట్రోక్, అంటే రాడ్ నడిచే దూరం సంగతి: 14 సెం.మీ. ఆర్మ్ 40 డిగ్రీలు అటూ ఇటూ తిరిగితే కొన 18 సెం.మీ. నడుస్తుంది. 20 సెం.మీ. స్ట్రోక్ తీసుకుంటే రెండు వైపులా ఒక్కో సెంటీమీటర్ మిగులుతుంది, సరిపోతుంది.

ఇక వాల్వ్ సైజు. ఆ 18 సెం.మీ. నడకకు రాడ్ బయటికి వచ్చేటప్పుడు 226 సీసీ, లోపలికి పోయేటప్పుడు 170 సీసీ ఆయిల్ పడుతుంది. చుట్టుకు 50 సీసీ వాల్వ్ పెడితే ఒక వైపు నాలుగున్నర చుట్లు, రెండో వైపు దాదాపు మూడున్నర. ఈ తేడా ఒకే రాడ్ ఉన్న సిలిండర్‌తో తప్పదు, కొద్ది రోజులకు చెయ్యి అలవాటు పడుతుంది. 80 సీసీది పెడితే చుట్లు తగ్గుతాయి కానీ, ఇంజన్ ఆగినప్పుడు చేత్తో తిప్పడం బాగా బరువవుతుంది. చిన్న బండికి 50 దగ్గరే ఉండటం నయం. వాల్వ్ కొనేటప్పుడు ఓపెన్ సెంటర్ రకం అడగండి, ఎందుకంటే మనం వాడే పంపు ఆయిల్‌ను ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది.

సిలిండర్ బిగింపు

మొత్తం పనిలో నిదానంగా చేయాల్సింది ఇదే.

సిలిండర్ వెనక చివర ఇరుసు మీదే ఉండాలి, ఛాసిస్ మీద కాదు. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కదా, సిలిండర్‌ను ఛాసిస్‌కు కడితే ఒక చక్రం గుంతలో దిగినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు తిరుగుతుంది. టై రాడ్‌ను కదపకండి. రెండు చక్రాలూ మలుపులో వేర్వేరు కోణాల్లో తిరగాలన్న లెక్క దాని పొడవులో, ఆర్మ్‌ల వంపులో ఉంది. మీరు తోయాల్సింది ఒక్క ఆర్మ్‌నే.

ఆ ఆర్మ్‌కు గానీ, చక్రం బిగించి ఉండే స్టబ్ యాక్సిల్‌కు గానీ వెల్డింగ్ పెట్టొద్దు. అవి ఫోర్జింగ్ చేసిన ఉక్కు. రాడు అంటించిన చోట పక్కనే గట్టిపడి పెళుసెక్కుతుంది, పగులు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. డ్రాగ్ లింక్ తగిలించిన రంధ్రం ఖాళీ అవుతుంది, వీలైతే దాన్నే వాడుకోండి. ఆ రంధ్రం టేపరుగా, అంటే ఒక వైపుకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి అదే టేపరు ఉన్న బాల్ జాయింట్ వెయ్యాలి. మామూలు బోల్టు దూర్చి నట్టు బిగిస్తే రంధ్రం గుల్ల అవుతుంది. ఇరుసు వైపు బ్రాకెట్‌ను 10 లేదా 12 మి.మీ. ప్లేటుతో చేసి, రెండు ప్లేట్ల మధ్య ఇరుసును పట్టేలా బోల్టులతో క్లాంప్ చేయండి. పిన్ను ఒంటి ప్లేటుకు వేలాడకుండా రెండు చెవుల మధ్య ఉండాలి.

చక్రాలు తిన్నగా ముందుకు ఉన్నప్పుడు సిలిండర్, ఆర్మ్ మధ్య 90 డిగ్రీలకు దగ్గరగా ఉండేలా చూడండి. ముందు అట్ట ముక్కలతో, చెక్క కడ్డీతో ఒక నమూనా కట్టి చక్రాలను పూర్తిగా అటూ ఇటూ తిప్పి, ఇరుసును కూడా పూర్తిగా ఊపి చూడండి. టైరు, రేడియేటర్ గ్రిల్, లోడర్ స్తంభం దేనికీ తగలకూడదు. ఇరుసు మీదున్న స్టాప్ బోల్టులు సిలిండర్ చివరకు చేరకముందే తగలాలి. లేకపోతే చక్రం రాయికి కొట్టుకున్న దెబ్బంతా రాడ్ మీదా, మీ బ్రాకెట్ మీదా పడుతుంది.

వాల్వ్, కాలమ్

స్టీరింగ్ బాక్స్ తీసేసిన చోట ఒక ప్లేటు వేసి, దాని మీద వాల్వ్, దాని పైన కాలమ్ వస్తాయి. ఈ వాల్వ్‌లకు సరిపడే కాలమ్‌లు విడిగా దొరుకుతాయి. పాత కాలమ్‌నే కోసి అతికించడం కన్నా అదే మేలు. మీరు స్టీరింగ్ పట్టుకుని పైకెక్కేటప్పుడు పడే బరువు కాలమ్ బేరింగ్ మోయాలి, వాల్వ్ స్ప్లైన్ (కాలమ్ షాఫ్ట్ వాల్వ్‌లో దిగే పళ్ల భాగం) మోయకూడదు. అందుకే స్ప్లైన్ అడుగున కొద్దిగా సందు ఉండాలి. కాలమ్ బిగించాక స్టీరింగ్ చక్రాన్ని సుత్తితో కొట్టి ఎక్కించకండి, దెబ్బ నేరుగా వాల్వ్ లోపలికి పోతుంది.

వాల్వ్ మీద నాలుగు అక్షరాలు చెక్కి ఉంటాయి. పి పంపు, టి ట్యాంకు, ఎల్, ఆర్ సిలిండర్ రెండు వైపులా. కొత్త వాల్వ్ రంధ్రాల్లో ఉన్న ప్లాస్టిక్ బిరడాలను హోస్ ఎక్కించే క్షణం వరకు తీయకండి.

పంపు, ట్యాంకు, హోస్‌లు

ట్రాక్టర్ లిఫ్ట్ పంపు నుంచే ఆయిల్ తీసుకోవచ్చు, మధ్యలో ముందు స్టీరింగ్‌కే ఆయిల్ పంపే ప్రయారిటీ వాల్వ్ పెట్టి. లేకుంటే బకెట్ లేపుతున్న క్షణంలో స్టీరింగ్ మొరాయిస్తుంది. నా ఓటు మాత్రం విడి పంపుకే. కారు పవర్ స్టీరింగ్ పంపు ఈ పనికి చక్కగా సరిపోతుంది. బెల్టు లాగుడును తట్టుకునే బేరింగ్, ఆయిల్ ధారను అదుపులో ఉంచే వాల్వ్, ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ అన్నీ దాని లోపలే ఉంటాయి. మామూలు గేర్ పంపును నేరుగా బెల్టుకు తగిలిస్తే షాఫ్ట్ పక్కకు లాగబడి బుష్‌లు తొందరగా పోతాయి.

50 సీసీ వాల్వ్‌ను నిమిషానికి 100 చుట్ల వేగంతో తిప్పినా కావలసింది 5 లీటర్లే. ఇంజన్ ఐడ్లింగ్‌లో, అంటే 800 చుట్ల దగ్గర కూడా అంత రావాలి. బండి నిదానంగా ఉన్నప్పుడే కదా స్టీరింగ్ ఎక్కువ తిప్పేది. అందుకే పంపు పుల్లీ క్రాంక్ పుల్లీ కన్నా కాస్త చిన్నదిగా ఉంటే మంచిది. పంపు తిరిగే దిశ దాని మీద బాణంతో చూపిస్తారు, తిరగేసి పనిచేయదు. రెండు పుల్లీలకూ అడ్డంగా నిటారు కడ్డీ ఆనించి, ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. ఇంజన్ మీద భారమెంత అంటే, 7 లీటర్లు, 80 బార్ దగ్గర ఒక కిలోవాట్‌కు కాస్త తక్కువ. అదీ గట్టిగా తిప్పుతున్న కాసేపే.

ట్యాంకు 4, 5 లీటర్లది చాలు. పంపు కన్నా ఎత్తులో పెట్టండి. టి నుంచి వచ్చే రిటర్న్ పైపు కొన ఆయిల్‌లో మునిగి ఉండాలి. దీనికి రెండు కారణాలు. పైనుంచి పడితే నురుగు వస్తుంది. రెండోది అసలైనది: ఇంజన్ ఆగిపోతే ఈ వాల్వే చేతి పంపులా మారి, ఆ పైపు ద్వారానే ఆయిల్ పీల్చుకుని చక్రాలను తిప్పుతుంది. కొన గాల్లో ఉంటే గాలే పీలుస్తుంది. అందుకే రిటర్న్ ఫిల్టర్‌ను ఈ దారికి అడ్డు కాని రకంగా ఎంచుకోండి.

ప్రెషర్ హోస్‌లు పావు అంగుళం, రిటర్న్ మూడు ఎనిమిదో వంతు అంగుళం, ట్యాంకు నుంచి పంపుకు ఐదు ఎనిమిదో వంతు అంగుళం. ప్రెషర్ వైపు తీగ అల్లిక ఉన్న హోస్‌కు ఫిట్టింగులు మిషన్ మీద క్రింప్ చేయించాలి. క్లిప్పు వేసి బిగించే ఆలోచన వద్దు. సమాంతర మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పోగు ఒకటి లోపలికి పోయినా వాల్వ్ ఇరుక్కుంటుంది. రబ్బరు అంచున్న సీల్ వాషర్లు వాడండి. సిలిండర్‌కు వెళ్లే హోస్‌లకు ఇరుసు ఊగేంత వదులు ఇచ్చి, పదునైన అంచుల దగ్గర తొడుగు వేయండి. ఆయిల్ విషయంలో పంపు ఏది అడుగుతుందో అదే, చాలా కారు పంపులు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అడుగుతాయి. వాల్వ్, సిలిండర్ సీళ్లకు కూడా అది పడుతుందో లేదో అమ్మినవారిని అడగండి. రెండు రకాలు కలపకండి.

మొదటిసారి స్టార్ట్ చేయడం

చక్రాలు ఇంకా గాల్లోనే ఉంచండి. ప్రెషర్ లైన్‌లో ఒక గేజ్ తగిలించండి. ట్యాంకు నింపి, ఇంజన్ స్టాప్ లివర్ లాగి పట్టుకుని, స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పితే పంపులోకి ఆయిల్ దిగుతుంది. తర్వాత స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో వదలండి. ఈ క్షణంలో స్టీరింగ్ మీద చెయ్యి వేయకండి, బొటనవేళ్లు ఆకుల మధ్య అసలు పెట్టకండి. హోస్‌లు తారుమారైతే, లేదా వాల్వ్‌ను ఎవరో విప్పి తప్పుగా బిగించి ఉంటే, స్టీరింగ్ చక్రం దానంతట అదే గిర్రున తిరుగుతుంది. అలా అయితే వెంటనే ఇంజన్ ఆపి పి, టి సరిచూడండి. కదలకుండా ఉంటే నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు కొన్నిసార్లు తిప్పండి, చివర్లో నొక్కి పట్టకండి. ఎడమకు తిప్పితే చక్రాలు కుడికి పోతున్నాయా? ఇంజన్ ఆపి ఎల్, ఆర్ హోస్‌లు మార్చండి చాలు. పంపు కీచుమంటే, ట్యాంకులో నురుగు కనిపిస్తే సక్షన్ వైపు గాలి దూరుతోంది.

కారుతోందేమో అని హోస్‌ను చేత్తో తడమకండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ధార కూడా చర్మం లోపలికి దూరిపోగలదు. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆపరేషన్ అవసరమయ్యే అత్యవసర పరిస్థితి. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

గాలంతా పోయాక ఇంజన్ ఆపేసి చేత్తో తిప్పండి. చక్రాలు బరువుగా అయినా కదలాలి. కదలకపోతే బండిని కిందికి దించకండి, రిటర్న్ పైపు కొననూ, ఆయిల్‌ను ఒకే వైపు పోనిచ్చే వాల్వ్ లోపలి చెక్ బంతినీ చూడాలి.

ప్రెషర్ సెట్ చేసి నడపడం

రిలీఫ్‌ను తక్కువ నుంచి పైకి తీసుకెళ్లాలి, ఎక్కువ నుంచి కిందికి కాదు. కారు పంపులోని రిలీఫ్ సాధారణంగా మార్చడానికి వీలుండదు, మనకు కావలసినదాని కన్నా ఎక్కువ దగ్గరే తెరుచుకుంటుంది. అందుకే స్టీరింగ్ వాల్వ్‌లో సరిచేసుకునే రిలీఫ్ లేకపోతే, ప్రెషర్ లైన్‌లో చిన్న రిలీఫ్ బ్లాక్ ఒకటి పెట్టండి. బండిని దించి, బకెట్ నింపి, నిలబడ్డ చోట తిప్పండి. చక్రాలు ఆగిపోతే స్క్రూ కొద్దిగా బిగించి మళ్లీ చూడండి. అవి చివరి దాకా తిరిగాక స్టాప్ మీద రెండు మూడు సెకన్లు పట్టుకుని గేజ్ చూడండి. మన ఉదాహరణలో 60 బార్ దగ్గర ఆగాలి. అంతకన్నా బాగా ఎక్కువ కావాల్సి వస్తే స్క్రూ బిగించడం ఆపి, ఎక్కడ రాపిడి ఉందో వెతకండి.

మొదటి రోజు ఖాళీ స్థలంలో నడపండి. పాత స్టీరింగ్ మలుపు అయ్యాక వదిలితే కొంతైనా వెనక్కి వచ్చేది. ఇది రాదు, తిప్పిన చోటే ఉంటుంది, మీరే తిప్పి తీసుకురావాలి. స్టీరింగ్ మీద పట్టుకునే గుండు ఎప్పుడూ ఒకే చోట ఉండదు, మెల్లగా జరుగుతుంది. వాల్వ్ లోపల కాస్త ఆయిల్ జారడం వల్ల వచ్చేదే, లోపం కాదు.

పది గంటలు పని చేశాక బ్రాకెట్ బోల్టులు, బాల్ జాయింట్ నట్టు, దాని స్ప్లిట్ పిన్ను అన్నీ మళ్లీ చూడండి. కొత్త క్లాంప్ ఒకసారి సర్దుకుంటుంది, ఆ మేరకు బోల్టు వదులవుతుంది. స్టీరింగ్ ఆర్మ్ మొదలు దగ్గర రంగు పెచ్చులూడిందేమో, వెంట్రుక లాంటి గీత ఉందేమో వెలుతురులో పరీక్షించండి. యాభై గంటల దగ్గర ఫిల్టర్ మార్చి, పాతదాన్ని కోసి మడతలు విప్పి చూడండి. నల్లటి మురికి మామూలే. మెరిసే రజను కనిపిస్తే పంపు అరుగుతోంది, సక్షన్ పైపు ఎక్కడైనా నొక్కుకుపోయిందేమో, క్లిప్పు వదులైందేమో ముందు అక్కడ చూడండి.